నది ఎవరి సొత్తు?



ఎనిమిది గంటల పనిదినం కొరకు మన పూర్వులు రక్తం ధారపోసినది, మిగిలిన గంటలను ఇరుకు గదుల గోడలు చూస్తూ గడుపుటకు కాదు. శ్రామికులందరికీ జీవన వేతనంతోపాటు విశ్రాంతిని సంపూర్ణంగా అనుభవించే పరిస్థితులు కల్పించుటకు ప్రభుత్వం కృషి చేయవలెనని రాజ్యాంగం 43వ అధికరణం శాసిస్తున్నది. విశ్రాంతికి వేళ ఒక్కటే చాలదు, చోటు కూడా కావలెను. కూలివానికి క్లబ్బు లేదు, విహారగృహం లేదు. పిల్లలతో కూర్చొనుటకు, స్నానమాడుటకు, గాలం వేయుటకు రుసుము అడుగని స్థలం ఏటి ఒడ్డు ఒక్కటే.

అండమాన్ నికోబార్ దీవులలో ఆ ఒడ్డు ఎవరి వశమవుతున్నదో చూడండి. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారే. కావున ఇది మనకు పరాయి గోడు కాదు.

గ్రేట్ నికోబార్ దక్షిణ భాగాన గలాథియా నది కలిసే అఖాతాన్ని 1997లో అభయారణ్యంగా ప్రకటించారు. లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు గనుక మనిషి అక్కడ ఒదిగి మెలగవలెనన్నారు. సబబే! కాని 2021 జనవరిలో ఆ అభయారణ్యాన్నే రద్దు చేశారు. ఎవరి కొరకు? కంటైనర్ల ఓడరేవు కొరకు! రేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, కొత్త నగరం కలిపి 166 చదరపు కిలోమీటర్ల పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. అందులో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి. మనిషి అడుగే బరువన్న ఇసుకపై యంత్రాల బరువు మోపుటకు ఏలినవారికి సంకోచం లేదు.

"రేవు వస్తే ఉపాధి వస్తుంది, కార్మిక సంఘానికి అభ్యంతరమేమి?" అని కొందరు ప్రశ్నిస్తున్నారు. ఉపాధికి మేము వ్యతిరేకులం కాము. కాని రేవు కంచె లోపల కార్మికునికి దక్కేది పనివేళ గేటు పాసే. ఆదివారం ఆలుబిడ్డలతో వెళితే ఆ గేటే అతనికి అడ్డు. కూలి ఇచ్చి నదిని లాగుకొనుట బేరం కాదు, దోపిడీ.

నది ప్రభుత్వపు జేబుసొత్తు కాదు. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఒక హోటలు సంస్థకు ఇచ్చిన కౌలును సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో రద్దు చేసింది. ప్రజలందరి అనుభవానికి ఉద్దేశించిన ప్రకృతి సంపదకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని ఆ తీర్పు చాటింది. ధర్మకర్త దేవుని మాన్యం అమ్ముకొనరాదు. స్కాట్లాండులో 2003 నాటి చట్టం నదులు, సరస్సులపై ప్రజల విహార హక్కును గుర్తించింది. మన దేశంలో అట్టి చట్టం ఏల రాకూడదు?

మేము హద్దులెరుగని హక్కును అడుగుట లేదు. మొసళ్ళు తిరిగే క్రీకుల వద్ద హెచ్చరిక ఉండవలెను. శ్రీ విజయపురం (మునుపటి పోర్ట్ బ్లెయిర్) దాహం తీర్చే ధనిఖారీ జలాశయాన్ని మలినం చేయరాదు. షోంపెన్‌ల అడవి, వారి ఏరులు వారివే. 1956 నాటి ఆదిమ జాతుల రక్షణ నిబంధన అక్షరాలా అమలు కావలెను. మన వినోదం కొరకు వారి గడప తొక్కుట కూడా దౌర్జన్యమే. ఈ పథకానికి తొలుత ఇచ్చిన సమ్మతిని నికోబారీల గిరిజన మండలి 2022 నవంబరులో ఉపసంహరించుకున్నది. ఆ మాటకు విలువ లేదా? ప్రాణరక్షణ కొరకు పెట్టిన హద్దును శిరసావహిస్తాము. లాభం కొరకు కట్టిన కంచెను ఎదిరిస్తాము.

కావున మా డిమాండ్లు ఇవి: గలాథియా అఖాతానికి అభయారణ్య హోదా పునరుద్ధరించవలెను. నికోబారీ, షోంపెన్ ప్రజల సమ్మతి లేని పథకాన్ని నిలిపివేయవలెను. దీవులలో ప్రమాదం లేని ప్రతి ఏటి ఒడ్డుకు ప్రజల దారి చట్టబద్ధం కావలెను. ప్రతి శాఖ ఈ విషయమై సభ జరిపి తీర్మానం పంపవలెను.

పని హక్కు మనదే, విశ్రాంతి హక్కు మనదే. నది అందరిదీ!