'వలెను' అను మాటయు, 'మస్ట్' అను మాటయు

మన పాఠశాలలయందు సెలవుచీటి వ్రాయని విద్యార్థి యుండడు. జ్వరము వచ్చినను, అక్క పెండ్లియైనను, మేడారము జాతరకు పోవలసియున్నను చీటి వ్రాయక తప్పదు. ఇట్టి చీటులను పెక్కేండ్లుగా చదువుచున్నవాడనగుటచే నొక విషయమును ధైర్యముతో చెప్పగలను. మన బాలబాలికలలో వినయము లేనివారు మిక్కిలి తక్కువ. వారు వ్రాయు ఆంగ్లపు చీటులలో వినయము కనబడునవి అంతకంటెను తక్కువ. "యూ మస్ట్ గివ్ మీ లీవ్ ఫర్ టూ డేస్" అని వ్రాసిన బాలుడు నా యెదుట చేతులు కట్టుకొని, తల వంచుకొని నిలుచుండును. వాని చేతులు చెప్పునది యొకటి, వాని కాగితము చెప్పునది మరియొకటి.

ఈ తప్పునకు కారణము పొగరు కాదు, సోమరితనమును కాదు. వాని తెలుగే కారణము. అదియు చెడ్డ తెలుగు కాదు, మంచి తెలుగే. మనము అర్జీ వ్రాయునపుడు "రెండు దినములు సెలవు మంజూరు చేయవలసినదిగా ప్రార్థించుచున్నాను" అని వ్రాయుదుము. ఇందలి 'వలసిన' అనునది 'వలయు' అను క్రియనుండి పుట్టినది, విధిని తెలుపునట్టిది. అయినను 'ప్రార్థించుచున్నాను' అను మాట ప్రక్కన జేరగనే దాని కాఠిన్యము కరిగిపోవును. శుభలేఖలో "సకుటుంబముగా విచ్చేసి వధూవరుల నాశీర్వదింపవలెను" అని అచ్చువేసినచో నెవ్వరును దానిని ఆజ్ఞగా దలపరు. బాలుడీ 'వలెను'ను నిఘంటువులో వెదకును. అచ్చట 'మస్ట్' అని యుండును. దానిని దెచ్చి చీటిలో పెట్టును. వాని తర్కమునందు దోషము లేదు. ఫలితము మాత్రము ప్రధానోపాధ్యాయునికి హుకుము జారీచేసినట్లుండును.

విధిని, అనుమతిని, సలహాను దెలుపు ఈ చిన్న సహాయక్రియలను మన తరగతులలో పట్టికగా నేర్పుచున్నారు. 'మస్ట్' విధికి, 'మే' అనుమతికి, 'షుడ్' సలహాకు అని మూడు పంక్తులు నల్లబల్లపై వ్రాయుదురు. పిల్లలు కంఠస్థము చేయుదురు. పరీక్షలో ఖాళీలు పూరించి మార్కులు తెచ్చుకొందురు. నా యభిప్రాయమున నీ పట్టిక మేలుకంటె కీడే ఎక్కువగా చేయుచున్నది. ఏలయన, ఆ మాటలలో ఏదియు నొక్క పనికి కట్టుబడి యుండదు. 'మే' అనుమతిని దెలుపును, సంభావ్యతను గూడ దెలుపును. మన 'వచ్చును' అట్టిదే గదా! "నీవు పోవచ్చును" అన్నచో సెలవిచ్చుట. "వాన రావచ్చును" అన్నచో ఊహించుట. ఈ పోలిక యొక్కటి చూపినచో పిల్లవానికి సగము భయము తీరును. కాని చూపువా రరుదు.

2022–23వ విద్యాసంవత్సరమునుండి తెలంగాణములోని ప్రభుత్వ పాఠశాలలయందు గూడ ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. అప్పటినుండి, ఆంగ్లపు తరగతిలో తెలుగుమాట వినబడుటయే దోషమను భావము కొందరిలో బలపడినది. నే నిందుకు సమ్మతింపజాలను. బ్రౌను దొర 1840లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినపుడు, ఆర్డెను దొర 1873లో తన వ్యాకరణమును వెలువరించినపుడు, తమ దేశీయులకు మన భాషను ఇంగ్లీషుతో పోల్చియే బోధించిరి. వారికి తమ భాష నిచ్చెనయైనపుడు మనకు మన భాష అడ్డుగోడ యెట్లగును?

ఆ నిచ్చెన యెంత గట్టిదో చూడుడు. ఆంగ్లమున మనవారికి మిక్కిలి చిక్కు గొల్పునది 'మస్ట్ నాట్' అనుదానికిని 'నీడ్ నాట్' అనుదానికిని గల భేదము. 'మస్ట్' అనగా చేయవలెను. దానికి 'నాట్' చేర్చినచో 'చేయవలసిన పని లేదు' అని యర్థము రావలెనని పిల్లలు తలతురు. కాని వచ్చు నర్థము 'చేయరాదు' అని. ఇది ఆంగ్లేయుల వింత యని యుపాధ్యాయులు గూడ నవ్వి యూరకుందురు. వింత యేమియు లేదు. మన 'వలయును'కు వ్యతిరేకరూపమేది? 'వలదు'. నేటి 'వద్దు' దానినుండి వచ్చినదే. 'చేయవలయును' అనుదానిని త్రిప్పినచో 'చేయవలదు' అను నిషేధమే వచ్చుచున్నది గాని 'చేయ నక్కరలేదు' అను నర్థము రాదు. దానికి వేరు మాట కావలసివచ్చినది. అట్లే 'చేయవచ్చును' అనుదానిని త్రిప్పగా 'చేయరాదు' అని వచ్చును. 'వచ్చు'నకు వ్యతిరేకము 'రాదు' గదా. 'మే', 'మే నాట్' అనునవి నడచు త్రోవయు నిదియే. వేలకొలది మైళ్ల దూరమున, వేరు కుటుంబమునకు జెందిన భాష మన భాషవలెనే నడచుచున్నదని తెలిసినపుడు పిల్లల ముఖములలో గలుగు వెలుగును నేను చూచియున్నాను.

భూపాలపల్లి వైపు పిల్లలకు ఈ భేదము పరీక్షకు మాత్రమే సంబంధించినది కాదు. అక్కడ పెక్కండ్ర తండ్రులు, అన్నలు సింగరేణి గనులలో పనిచేయుదురు. 2017లో వెలువడిన బొగ్గుగనుల నిబంధనలు తిరుగవేసినచో అడుగడుగున 'షల్' అను మాట కనబడును. అది విధి, దాటిన శిక్ష గలదు. ఓపెన్‌కాస్టు గనిలో మందు పేల్చువేళ హద్దు దాటరాదని చెప్పు పలకను 'దాట నక్కరలేదు' అని చదువుకొన్నవాని గతి యేమి? ఔషధపు సీసాపై వ్రాతయు నంతే. పరగడుపున వేసికొనరాదనుట వేరు, వేసికొన నక్కరలేదనుట వేరు. చట్టములలో నీ మాటలు పండితులకే చిక్కు గలిగించినవనుట కూడ నిజము. అనుమతి నిచ్చు పదములు ఎపుడు విధిగా మారునని 1880లో ఇంగ్లండునందు ప్రభువుల సభ, జూలియస్ అనువాడు ఆక్స్‌ఫర్డు బిషప్పుపై తెచ్చిన వ్యాజ్యెములో దీర్ఘముగా విచారించెను. మన సుప్రీముకోర్టును 'మే' యను మాటను కొన్ని సందర్భములలో 'షల్'గా గ్రహింపవలెనని చెప్పియున్నది. పెద్దల కంతటి చిక్కున్నపుడు పదవ తరగతి పిల్లవానిని మూడు పంక్తుల పట్టికకు వదలివేయుట న్యాయమా?

మాట యర్థము మాటలో మాత్రమే యుండదు. ఎవరు, ఎవరితో, ఎవరి మేలుకొరకు పలుకుచున్నారనుదానిలో గూడ నుండును. దీనికి నిదర్శనము మన యిండ్లలోనే కలదు. బస్సుస్టాండు గోడపై "ఇచట ఉమ్మివేయరాదు" అని యుండును, అది నిషేధము. జనగామలోగాని మానుకోటలోగాని అవ్వ మనుమని ముందు గిన్నె పెట్టి "తినరాదు బిడ్డా" అనును. అది నిషేధము కాదు, బుజ్జగింపు. 'తినవేల నాయనా' యని దాని భావము. అవ్వ మాట విని పళ్లెము ప్రక్కకు నెట్టిన మనుమని నేనింతవరకు చూడలేదు. ఆంగ్లమునందును నిట్లే. "యూ మస్ట్ గివ్ మీ లీవ్" అనునది మోటు. "యూ మస్ట్ కమ్ అండ్ ఈట్ విత్ అస్" అనునది ఆప్యాయత. రెండింటను 'మస్ట్' ఒక్కటే. మొదటిదానిలో లాభము పలుకువానిది, రెండవదానిలో వినువానిది. పట్టికలో నీ సంగతి యెచ్చట వ్రాయుదురు? 'హాడ్ బెటర్' అనునది యింకొక యురి. అందు 'బెటర్' ఉన్నదిగదా యని, 'చేసిన మంచిది' యను మెత్తని సలహాగా మనవారు పెద్దలతో వాడుదురు. అందు "లేనిచో చూచుకో" యను నర్థము దాగియున్నది. ఒక విద్యార్థి బ్యాంకు అధికారికి "యూ హాడ్ బెటర్ సాంక్షన్ మై లోన్" అని వ్రాసిన కాగితమును నేను చూచితిని. వాడు బెదరించుచున్నానని కలలోనైన నెరుగడు.

ఇంతకును ఈ మాటల జన్మలు విచిత్రమైనవి. 'మస్ట్' అనునది ప్రాచీనాంగ్లమున అనుమతిని దెలుపు క్రియకు భూతకాలరూపము. అనుమతి కాలక్రమమున నిర్బంధమైనది. 'ఆట్' అనునది 'ఋణపడియుండుట'ను దెలుపు క్రియనుండి వచ్చినది. 'షల్'కు గూడ మొదటి యర్థము అదియే. కర్తవ్యమును అప్పుగా భావించుట మనకు క్రొత్తగాదు. పితృఋణము, ఋషిఋణము అను మాటలు మనవే.

ఈ గడ్డపై విధివాచకములను గూర్చి మాటలాడునపుడు వెట్టిని మరచుట సాధ్యము కాదు. మన తాతల నాడు దొర గడినుండి 'రావలెను' అని కబురు వచ్చినచో ప్రతివచనము లేకుండెను. నేటి జనగామ జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియైనది అట్టి దౌర్జన్యమును ఎదిరించిన ఊరేగింపులోనే. పాలకుర్తి ఐలమ్మ తన పంట నిలుపుకొన్నది ఆ దినములలోనే. "నీ బాంచెను, కాల్మొక్త" అను మాటనుండి ఈ జనము బయటపడుటకు ఎంత వెల చెల్లించెనో పుస్తకములలో గలదు. కాబట్టి పిల్లలకు ఆంగ్లమున వినయము నేర్పుదమన్నపుడు నా మనసులో నొక శంక కలుగుట సహజమే. పాత దైన్యమునే క్రొత్తభాషలో నేర్పుచున్నామా? కాదు. కాళ్లు మ్రొక్కుటకును, గద్దించుటకును నడుమ నొక విశాలమైన చోటు గలదు. సమానుడు సమానుని అడుగునట్టి చోటది. 'కుడ్', 'వుడ్', 'మే ఐ' అనునవి ఆ చోటి మాటలు. ఉద్యోగమున కడుగువానికి, హక్కుగా రావలసిన ధ్రువపత్రము నడుగువానికి అవి యుండి తీరవలెను. అవి లేనివాడు ఒకనాడు బానిసవలె, మరునాడు దొరవలె వ్రాయును. రెండు విధములను వాడే నష్టపడును.

ఒక యాక్షేపణను మాత్రము నేను ఒప్పుకొనవలసియున్నది. మహబూబాబాదు జిల్లాలోని తండాలనుండి వచ్చు పిల్లల యింటిభాష తెలుగు కాదు, లంబాడీ. భూపాలపల్లి అడవులవైపు కోయ యిండ్ల పిల్లలును కలరు. వారికి 'వలయును', 'వలదు' అని చెప్పుట ఒక పరభాషను మరియొక పరభాషతో బోధించుటయే. అట్టి తరగతిలో ఉపాధ్యాయుడు ముందుగా తాను విద్యార్థి కావలెను. "మీ యింట అమ్మ 'పోవద్దు' అనుట యెట్లు, 'పోనక్కరలేదు' అనుట యెట్లు?" అని యడిగి, వారు చెప్పినదానిని నల్లబల్లపై తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. ఇందుకు ధనము అక్కరలేదు. పది నిమిషములు చాలును.

మరి చీటి మాట యేమి? మన పిల్లలందరు తప్పులేకుండ పలుకు వాక్యమొకటి కలదు: "మే ఐ కమిన్, సర్?" ఒకటవ తరగతి బాలుడు సైతము దీనిని తప్పుగా పలుకడు. దీని నెవ్వరును వానికి పట్టికలో నేర్పలేదు. ప్రతిదినము గుమ్మము దగ్గర నిలిచి, లోపలినుండి బదులు వచ్చువరకు ఆగి, నేర్చుకొనినాడు. సెలవుచీటికి గూడ నట్టి గుమ్మమొకటి కల్పింపవలెను. తెలుగు అర్జీలో 'మంజూరు చేయవలసినదిగా' అని వ్రాయు చోట 'మంజూరు చేయగలరని ప్రార్థించుచున్నాను' అని వ్రాయుటయు మనకు వాడుకయే. ఆ 'గలరు' శక్తిని దెలుపు మాట; ఆంగ్లపు 'కెన్'కు సరియైనది. దానిని కొంచెము వెనుకకు జరిపి భూతకాలములో పెట్టినచో 'కుడ్' అగును. "మీతో నొక్కమాట చెప్పుదమని వచ్చినాను" అని ఎదుట నిలిచియే మనము భూతకాలములో అనుటలేదా? మర్యాద కొరకు ఒక యడుగు వెనుకకు వేయుటయే యది. కావున నేను మా తరగతిలో చేయునది యింతే. మొదట తెలుగు చీటిని 'గలరు' పెట్టి వ్రాయింతును; తరువాత దానినే ఆంగ్లమున వ్రాయుమందును. గడచిన సారి జాతరకు ముందు వచ్చిన చీటులలో "ఐ షల్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ గ్రాంట్ మీ లీవ్" అని వ్రాసినవి పదునాలుగు. 'మస్ట్' ఒక్కదానిలోనే యుండెను. ఆ బాలుడు ఆ పాఠమునాడు సెలవులో నుండెనట.