రాతివంతెనల బలాబలములు

2016వ సంవత్సరము ఆగస్టు 2వ తేది రాత్రి మహారాష్ట్రమున మహాడ్ చెంత సావిత్రీనదిపై బ్రిటిషువారి కాలమున కట్టిన రాతికమానుల వంతెన వరదలో కూలిపోయినది. ముంబయి-గోవా రహదారిన పోవుచున్న రెండు ప్రభుత్వ బస్సులు ప్రయాణికులతోడ ఆ చీకటిలో నదిపాలయ్యెను. ఆ వంతెనను అదే సంవత్సరము మే నెలలో తనిఖీ చేసి భద్రమని తేల్చియుండిరని ప్రభుత్వమువారు పిమ్మట సెలవిచ్చిరి. మూడు మాసములైన నిలువని ఆ భద్రత ఎట్టిది? తనిఖీయనగా మనవారు చేయునదేమి? ఈ ప్రశ్న ఒక్క మహారాష్ట్రమునకే సంబంధించినది కాదు. ఇట్టి వంతెనలు మన రహదారులపైనను రైలుదారులపైనను వేలకొలది గలవు.

కమాను నిలుచుటలో రహస్య మేమియు లేదు. వ్రేలాడు గొలుసు ఏ వంపు దాల్చునో దానిని తలక్రిందు చేసినచో రాతికమాను నిలువదగిన వంపు వచ్చునని 1675లోనే రాబర్టు హుక్ సూచించెను. రాయి ఒత్తిడికి ఓర్చును, లాగుడునకు ఓర్వదు. ఒత్తిడి పోవు రేఖ రాళ్ల మందములో ఇమిడియున్నంతవరకు భయము లేదు. కేంబ్రిడ్జి పండితుడు జాక్ హేమన్ 1966లో దీనిని సిద్ధాంతీకరించెను. బరువు ఒకప్రక్క పడి కమానున నాలుగుచోట్ల కీళ్లు విచ్చినప్పుడే అది కూలును; మూడు విచ్చినను నిలుచును. కావున బీటను చూచి బెదరి పడగొట్టుటయు, పైపూతను చూచి నమ్ముటయు రెండును అవివేకమే.

వేల్సు దేశమున పాంటిప్రిడ్ వద్ద విలియం ఎడ్వర్డ్సు అను మేస్త్రీ 140 అడుగుల ఒక్క కమానును కట్టగా, భుజముల బరువునకు నడినెత్తి పైకుబికి కూలెను. అతడు అధైర్యపడక, భుజములలో ప్రక్కకు మూడేసి గుండ్రని తూములు విడిచి బరువు తగ్గించి, 1756లో మరల కట్టెను. అది నేటికిని నిలిచియున్నది. నిజమైన వంతెనను కూల్చుకొని నేర్చిన ఆ పాఠమును నేడు కంప్యూటరులో నేర్వవచ్చును. షెఫీల్డు విశ్వవిద్యాలయమున పుట్టిన రింగ్ అను సాఫ్టువేరు కమానులోని రాళ్లను ఒక్కొక్కటిగా లెక్కకు దెచ్చి, మీద లారీని కొంచెము కొంచెముగా జరిపి, ఏ చోట ఎంత బరువునకు కూలునో చెప్పును. తఱచుగా అపాయస్థానము నడుమ గాక, పావుభాగము చెంత నుండును. పూర్వము ఆంగ్లసైన్యమువారు యుద్ధవాహనములకై వాడిన సూత్రములో కమాను పొడవును, నెత్తిమందమును, మీది మట్టిని కొలిచి, వంతెన స్థితిని మాత్రము ఇంజనీరు కంటికి తోచినట్లు గుణించుచుండిరి. దానికంటె ఇది ఎంతయో మేలు.

అయినను యంత్రమునకు మన మిచ్చిన అంకెలే ఆధారము. బయట కనబడు మందమే లోపలను ఉండునని యనుకొనరాదు. ఇటుక కమానులలో వరుసలు ఒకదానినుండి ఒకటి విడిపోయి, బలము మిక్కిలి తగ్గియుండవచ్చును. పైన నింపినది మట్టియో రాళ్లగచ్చో త్రవ్వి చూడక తెలియదు. కచేరిలో కూర్చుండి పాత పటములనుండి అంకెలు దించి రంగురంగుల చిత్రములు తీయుట తనిఖీ యనిపించుకొనదు.

అంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. కమాను లెక్క యంతయు పునాది కదలదను నమ్మికపై నడచును. సావిత్రి వంతెనను కూల్చినది లారీల బరువు కాదు, నది. 2015 డిసెంబరులో ఇంగ్లండున టాడ్‌కాస్టరు వంతెన ఒకభాగము కూలినదియు పునాది క్రింది ఏటికోత వలననే. హైదరాబాదున 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ 1908 నాటి మూసీ వరదకు నిలిచినదని మనము మురియుదుము. మురియుట తప్పుకాదు గాని, నాడు నిలిచినది రేపటి వరదకును నిలుచునని ఎవరు లెక్క కట్టిరి?

పాతవంతెన లన్నిటిని పడగొట్టి క్రొత్తవి కట్టుడనువారి గుత్తేదారీ ఉత్సాహమును మేము హర్షింపము. గట్టి రాతిపనిని పోగొట్టుకొనుట దండుగ. వేసవిలో నీరు తగ్గినప్పుడు పునాదులు చూచి, కొలతలు తీసి, కమాను లెక్క కట్టి, ఫలితమును వంతెన మొదటనే పలకపై తెలుగున వ్రాయవలెను. వరద తీసిన వెంటనే పునాదులు మరల చూడవలెను. బండ్లు తోలువారికి, పన్నులు చెల్లించువారికి ఆ అంకెను దాచుటకు కారణము లేదు. క్రొత్త వంతెనల శంకుస్థాపనలను గూర్చి శాసనసభలలో ఉపన్యాసములు విననగుచున్నవి. పాత వంతెనల కొలతలకు ఈ యేడు ఎంత కేటాయించిరని మంత్రిగారిని అడుగు సభ్యుడు ఎవరైన గలరా?