నవంబర్ 21: ఒకే తేదీ.. టీవీకీ పండగే, మత్స్యకారుడికీ పండగే! నెల్లూరు తీరానికి దక్కేదేంటి?

నెల్లూరు: క్యాలెండర్‌లో నవంబర్ 21కి రెండు పేర్లున్నాయి. ఒకటి ప్రపంచ టెలివిజన్ దినోత్సవం. రెండోది ప్రపంచ మత్స్య దినోత్సవం. ఒకటి స్టూడియోలది, ఇంకోటి సముద్రానిది. పైకి చూస్తే పోటీ పరీక్షల్లో వచ్చే జీకే బిట్ లాగే ఉంటుంది. కానీ ఇలాంటి తేదీలు చూసుకునే శంకుస్థాపనలు జరుగుతాయి, పథకాలు మొదలవుతాయి, ఖాతాల్లో డబ్బులు పడతాయి. వేట మీద బతికే ఇంటికి ఆ డబ్బు ఎంత పడిందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు పడిందన్నదీ అంతే ముఖ్యం. నెల్లూరు తీరం విషయంలో ఈ తేదీల లెక్క ఏం చెబుతోందంటే..

ఒకే రోజు ఎలా వచ్చాయి?

ఇది యాదృచ్ఛికమే. 1996 నవంబర్ 21, 22 తేదీల్లో ఐక్యరాజ్యసమితి మొదటి ప్రపంచ టెలివిజన్ ఫోరం నిర్వహించింది. దానికి గుర్తుగా అదే ఏడాది డిసెంబర్‌లో జనరల్ అసెంబ్లీ నవంబర్ 21ని టీవీ దినోత్సవంగా ప్రకటించింది. అప్పట్లో జర్మనీ దీనికి అభ్యంతరం చెప్పింది. సమాచార రంగానికి ఇప్పటికే వేరే దినోత్సవాలు ఉన్నాయని, ప్రపంచంలో చాలామందికి టీవీ అందుబాటులోనే లేదని వాదించింది.

మత్స్య దినోత్సవం కథ వేరు. 1997 నవంబర్‌లో పలు దేశాల మత్స్యకార సంఘాల ప్రతినిధులు ఢిల్లీలో సమావేశమై ఒక ప్రపంచ వేదికను ఏర్పాటు చేసుకున్నారు. నవంబర్ 21 దానికి గుర్తుగా మిగిలింది. అంటే ఇది ఏ ప్రభుత్వమో ఇచ్చిన రోజు కాదు. వేటకెళ్లే వాళ్లు తమకు తాముగా పెట్టుకున్న రోజు. తర్వాతే ప్రభుత్వాలు దీన్ని అందుకున్నాయి.

డబ్బు పడిన తేదీ చూస్తే..

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు, మోటారు పడవలు ఒడ్డునే ఉండాలి. జువ్వలదిన్నె, ఇస్కపల్లి, రామతీర్థం, మైపాడు, కృష్ణపట్నం.. నెల్లూరు తీరంలో ఏ పట్టపుపాలెంలో అయినా ఆ రెండు నెలలు ఆదాయం పడిపోతుంది. అందుకే ప్రభుత్వం భృతి ఇస్తోంది.

2019లో ఈ భృతిని 4 వేల నుంచి 10 వేల రూపాయలకు పెంచారు. అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్ మత్స్యకార భరోసా పథకాన్ని నవంబర్ 21న, మత్స్య దినోత్సవం రోజు ముమ్మిడివరంలో ప్రారంభించారు. రాష్ట్రవ్యాప్తంగా లక్షకు పైగా కుటుంబాలకు వర్తింపజేశారు. తేదీ ఘనంగానే ఉంది. కానీ నిషేధం ముగిసింది జూన్‌లో. అంటే ఆకలి నెలలు దాటిన ఐదు నెలలకి డబ్బు చేతికొచ్చింది. కొత్త ప్రభుత్వం ఏర్పడిందే ఆ ఏడాది మే 30న కాబట్టి ఆ ఆలస్యానికి ఒక కారణం ఉంది. ఆ తర్వాత ఏడాది నుంచి చెల్లింపు మే నెలకి మారింది. వేడుక రోజు పోయింది, అవసరమైన రోజు వచ్చింది.

2025లో ముఖ్యమంత్రి చంద్రబాబు మొత్తాన్ని 20 వేలకు పెంచి, 'మత్స్యకార సేవలో' పేరుతో ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ప్రారంభించారు. నిషేధం మొదలైన 11 రోజులకే అన్నమాట. ఏప్రిల్ 26కి క్యాలెండర్‌లో మత్స్యకారుల పండగ ఏదీ లేదు. అయినా వడ్డీకి అప్పు తేవాల్సిన ఇంటికి నవంబర్ 21 కంటే ఆ తేదీయే అక్కరకొస్తుంది.

శంకుస్థాపన పండగ రోజు.. ప్రారంభం ఇంకో పెద్ద వార్త పక్కన

నెల్లూరుకి ఈ తేదీతో నేరుగా సంబంధం ఉంది. 2020 నవంబర్ 21న, మత్స్య దినోత్సవం సందర్భంగా నాలుగు ఫిషింగ్ హార్బర్లకి జగన్ వర్చువల్‌గా శంకుస్థాపన చేశారు. ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, నాలుగోది బోగోలు మండలం జువ్వలదిన్నె. నాలుగింటికీ కలిపి అంచనా 1,510 కోట్ల రూపాయలు. అందులో జువ్వలదిన్నె వాటా దాదాపు 289 కోట్లు. సొంత హార్బర్ ఉంటే పెద్ద బోట్లు చెన్నై వైపో, నిజాంపట్నం వైపో వెళ్లే పని తప్పుతుందన్నది ఆశ.

ప్రారంభోత్సవం 2024 ఆగస్టు 30న జరిగింది. అంటే మూడేళ్ల తొమ్మిది నెలలు. ఈలోగా రాష్ట్రంలో ప్రభుత్వమూ మారింది. ప్రధాని మోదీ మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి వర్చువల్‌గా ప్రారంభించారు. అయితే ఆ రోజు పాల్ఘర్‌లో అసలు కార్యక్రమం దాదాపు 76 వేల కోట్ల వాఢ్‌వాన్ పోర్టు శంకుస్థాపన. దేశమంతా హెడ్‌లైన్ అదే. దాని పక్కన జువ్వలదిన్నె ఒక లైనుగా మిగిలిపోయింది. ఒకే రోజుని పంచుకుంటే పెద్ద వార్త చిన్నదాన్ని మింగేస్తుంది అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

జూన్ 5 కూడా అంతే!

జూన్ 5 అనగానే అందరికీ గుర్తొచ్చేది ప్రపంచ పర్యావరణ దినోత్సవం. 1972 స్టాక్‌హోమ్ సదస్సు నుంచి వచ్చింది. కానీ 2018 నుంచి అదే తేదీన ఐక్యరాజ్యసమితి ఇంకో దినం కూడా పాటిస్తోంది. అక్రమ చేపల వేటపై పోరాట దినం. మొక్కలు నాటే ఫొటోల మధ్య దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

నిజానికి నెల్లూరు తీరానికి ఇది చాలా దగ్గరి విషయం. రాష్ట్ర నిబంధనల ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సముద్రం సంప్రదాయ మత్స్యకారులది. మరబోట్లు ఆ హద్దు దాటి లోపలే వేటాడాలి. తమిళనాడు వైపు నుంచి వచ్చే పెద్ద బోట్లు, ఇక్కడి భాషలో సోనా బోట్లు, ఒడ్డుకి దగ్గరగా వచ్చి వేటాడి వలలు తెంపేస్తున్నాయన్నది ఇక్కడివాళ్ల పాత ఫిర్యాదు. పైగా జూన్ 5 వచ్చేది నిషేధ కాలంలోనే. బోట్లన్నీ ఒడ్డున ఉండే రోజు అది. హద్దుల గురించి తీరిగ్గా కూర్చుని మాట్లాడటానికి అంతకన్నా మంచి రోజు ఉండదు.

టీవీ చెప్పే హెచ్చరిక పడవకి చేరుతుందా?

మళ్లీ నవంబర్ 21 దగ్గరికొస్తే.. నెల్లూరుకి నవంబర్ అంటే ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. 2021లో సరిగ్గా ఈ తేదీకి పెన్నా వరద జిల్లాని ముంచెత్తింది. పడుగుపాడు దగ్గర రైల్వే ట్రాక్ కోసుకుపోయింది, జాతీయ రహదారిపై రాకపోకలు ఆగాయి. ఆ రోజు తీరానికి కావాల్సింది శుభాకాంక్షలు కాదు, సమాచారం.

టీవీ, మత్స్య దినోత్సవాలు నిజంగా కలిసేది ఇక్కడే. వాతావరణ శాఖ హెచ్చరిక టీవీలో స్క్రోల్ అవుతుంది. ఒడ్డున ఉన్న భార్యాపిల్లలు చూస్తారు. కానీ తీరం నుంచి 10, 12 కిలోమీటర్లు దాటితే మొబైల్ సిగ్నల్ అందదు. పడవలో ఉన్న మనిషికి ఆ మాట చేరదు. చాలామందికి టీవీ అందదని 1996లో జర్మనీ అన్న మాట సముద్రం మీద ఇప్పటికీ నిజమే.

దీనికోసమే 2024 ఆగస్టు 30న, అదే పాల్ఘర్ వేదిక మీద, 364 కోట్లతో లక్ష చేపల బోట్లకి ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం కూడా ప్రారంభించారు. తీరం ఉన్న 13 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకి ఇది వర్తిస్తుంది. ఉపగ్రహం ద్వారా హెచ్చరిక పడవకి వెళ్తుంది, ఆపదలో ఉంటే పడవ నుంచి కబురు ఒడ్డుకొస్తుంది. ఇది కూడా ఆ రోజు పోర్టు వార్త కింద నలిగిపోయిందే.

మరి ఆ రోజు చేయాల్సిందేంటి?

దినోత్సవాలు దండగ అని కాదు. ఆ ఒక్క రోజైనా కెమెరా పాలెం వైపు తిరుగుతుంది, మంత్రి మైకు ముందుకొస్తారు. సమస్యల్లా అది మాట ఇచ్చే రోజుగానే మిగిలిపోవడం. దాన్ని లెక్క చెప్పే రోజుగా మార్చొచ్చు. జువ్వలదిన్నెలో ఐస్, డీజిల్, వేలం సౌకర్యాలు ఎంతవరకు వచ్చాయి? నెల్లూరు బోట్లలో ఎన్నింటికి ట్రాన్స్‌పాండర్ బిగించారు? 8 కిలోమీటర్ల హద్దు దాటినందుకు ఏడాదిలో ఎన్ని కేసులు పెట్టారు? భృతి ఏ తేదీన, ఎంతమందికి పడింది?

నాలుగే ప్రశ్నలు. ఏటా నవంబర్ 21న ఇవే అడిగి, జవాబుని పోయినేడాది జవాబు పక్కన పెట్టి చూపిస్తే చాలు. టీవీకి అంతకంటే మంచి పని లేదు, మత్స్యకారుడికి అంతకంటే పనికొచ్చే శుభాకాంక్ష లేదు.