ఎర్రదీపమూ, ముల్లూ

మా తమ్ముడికి ఏన్కూరులో డీజిలు పికప్పు బండి ఉంది. మిరపకాయ బస్తాలు ఖమ్మం మార్కెట్టుకు తోలుతాడు. కిందటి వేసవిలో తల్లాడ దారిలో ఎర్రదీపం వెలిగింది. అది వెలిగేసరికే ఇంజను పట్టేసింది! ఆ రిపేరుకు మరదలి గాజులు తాకట్టుకు వెళ్ళాయి.

ఈసారి మీటర్లు బిగిస్తానంటూ, తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను సలహా అడిగాడు. చేసేదిలేక మెకానిక్కు దగ్గర శిష్యరికం చేశాను. తేలిందేమిటంటే, నీళ్ళ వేడి చెప్పే మీటరు ఒక్కటే చాలదు. నీళ్ళన్నీ కారిపోతే దాని సెన్సారు గాలిలో మిగిలి, ఇంజను కాగుతున్నా ముల్లు కిందనే ఉండవచ్చు. అందుచేత ఆయిలు ప్రెషరు మీటరూ తోడుండాలి. అదీ కరెంటు తీగెతో పనిచేసేదైతే మేలు. గొట్టం రకమైతే, చిట్లిననాడు కాగిన ఆయిలు డ్రైవరు కాళ్ళమీదనే పడుతుంది. పాత దీపాన్ని మాత్రం తీయలేదు.

రెండింటినీ స్టీరింగు పక్కన, చూపు రోడ్డుమీద నుంచి ఎక్కువ మళ్ళకుండా ఉండేచోట బిగించాం. బండి దారిలో మామూలుగా నడుస్తున్నప్పుడు ముళ్ళు రెండూ నిట్టనిలువుగా ఉండేటట్టు మెకానిక్కు మీటర్లను కాస్త తిప్పి పెట్టాడు. పందెం కార్లవాళ్ళ పాత పద్ధతి ఇది. అంకెలు చదవనక్కరలేదు. ముల్లు ఒరిగితే బండి ఆపడమే.

మరదలు వచ్చి చూసింది.

"బావగారూ, మీ తమ్ముడికి కూడా ఒకటి బిగించకపోయారా? అప్పుల సంగతి ఎర్రదీపం వెలిగితేగాని ఇంట్లో చెప్పరు" అంది.

వాడు మాట్లాడలేదు. నేనూ మా ఆవిడ వైపు చూడలేదు.