విమానానికీ సూట్‌కేసు తూకమే

పోయిన నెల ఇక్కడే "స్పోర్ట్ పైలట్ లైసెన్సు చేతికొచ్చింది, ఇక చిన్న విమానం ఒకటి ఆర్డర్ చేద్దామనుకుంటున్నా" అని రాశానో లేదో, గ్రూపులో మెసేజీలే మెసేజీలు. "ఎంతవుతుందండీ?" అని కొందరు, "మీ ఆయన ఒప్పుకున్నారా?" అని ఇంకొందరు. తెనాలి నుంచి మా అమ్మయితే ఫోన్‌లోనే నిలదీసింది: "ఆ డబ్బుతో గుంటూరులో స్థలం వచ్చేది కదే!" అందరికీ కలిపి ఈ నెల జవాబు రాస్తున్నా.

ముందు ఇదేం విమానమో చెప్తాను. అమెరికాలో 2004లో 'లైట్ స్పోర్ట్' అని ఒక తరగతి పెట్టారు. ఇద్దరే కూర్చోవాలి. ఒకటే ఇంజిన్. విమానం, మనుషులు, పెట్రోలు, సామాను అన్నీ కలిపి నేల వదిలేటప్పుడు 1,320 పౌండ్లు, అంటే 600 కిలోలు దాటకూడదు. స్పోర్ట్ పైలట్ లైసెన్సుకి కనీసం 20 గంటల శిక్షణ కావాలి. నాకు దానికి రెట్టింపు పట్టింది, సిగ్గేం లేదు. 2025లో నియమాలు సడలించారు, ఇదే లైసెన్సుతో ఇప్పుడు ఇంకాస్త పెద్ద విమానాలూ నడపొచ్చు. కానీ నేను ఎంచుకున్న మోడల్‌ని 1,320 పౌండ్లకే తయారు చేశారు. కాగితం మీద రూలు మారినంత మాత్రాన అది ఎక్కువ మొయ్యదు.

డీలరు పంపిన లిస్టు చూస్తే పెళ్లి క్యాటరింగ్ మెనూలా ఉంది. రెండు పెద్ద తెరలు, ఆటోపైలట్, లెదర్ సీట్లు, చక్రాలకి తొడుగులు, మూడు రంగుల పెయింటు. మా ఆయన అన్నిటికీ టిక్కు పెట్టేశారు. అప్పుడు డీలరు ఒక మాట అడిగాడు: "మీ ఇద్దరి బరువు ఎంత?"

నేను 140 అన్నా. మా ఆయన 190 అన్నారు. ఇద్దరం అబద్ధమే చెప్పాం. ఇంటికొచ్చి బూట్లతో సహా తూకం వేసుకుంటే నేను 150, ఆయన 205! అంటే 25 పౌండ్లు మాట వరసకి దాచేశాం. విమానం పెట్రోలు గ్యాలను 6 పౌండ్లు తూగుతుంది. మా అబద్ధం బరువు నాలుగు గ్యాలన్లు.

ఇండియా నుంచి వచ్చేముందు రాత్రి సూట్‌కేసు తూకం మనందరికీ అనుభవమే కదా. 23 కిలోలు దాటితే ఆవకాయ సీసా తీయాలా, పట్టుచీర తీయాలా అని నేల మీద కూర్చుని ఏడుస్తాం. ఇదీ అంతే. నా లెక్క చూడండి.

అన్ని హంగులతో ఖాళీ విమానం 820 పౌండ్లు. మిగిలేది 500. మేమిద్దరం, హెడ్‌సెట్లు, చిన్న సంచీ కలిపి 370. పెట్రోలుకి మిగిలింది 130, అంటే 21 గ్యాలన్ల పైచిలుకు. ట్యాంకు పట్టేది 26 అయినా నింపడానికి లేదు.

హంగులు తీసేస్తే ఖాళీ విమానం 780. అప్పుడు పెట్రోలుకి 170 మిగులుతుంది, ట్యాంకు నిండా పోయించుకోవచ్చు. దీంట్లో ఉన్నది 100 హార్స్‌పవర్ రోటాక్స్ 912 ఇంజిన్, గంటకి సుమారు 5 గ్యాలన్లు తాగుతుంది. అంటే తెరా, లెదరూ వదులుకుంటే గాల్లో ఇంకో 50 నిమిషాలు. ఎదురుగాలి వీచినా, దిగాల్సిన ఊరి మీద మబ్బు కమ్మినా, వెనక్కి తిరగడానికి పనికొచ్చే 50 నిమిషాలు. పైగా మా టెక్సస్ ఎండల్లో గాలి పలచబడి విమానం లేవడానికి ఎక్కువ రన్‌వే కావాలి. అప్పుడు ప్రతి పౌండూ తెలుస్తుంది.

మరి అన్నీ కొట్టేశానా? లేదు. రేడియో ఉంచాను. ఏడీఎస్-బీ ఉంచాను. మన విమానం ఎక్కడుందో ఇతరులకి తెలిపే పరికరం అది, 2020 జనవరి 1 నుంచి డాలస్ లాంటి పెద్ద విమానాశ్రయాల చుట్టుపక్కల తప్పనిసరి. విమానాన్ని మొత్తంగా మోసుకుని దిగే పారాచూట్ కూడా ఉంచాను. "దాని బరువుకి ఇంకో గంట పెట్రోలు వస్తుందిగా" అన్నారు మా ఆయన. ఆ ఒక్క విషయంలో మా అమ్మాయి మాటే నెగ్గింది: "అమ్మా, అది తీసేస్తే నేను ఎక్కను."

ఇక డబ్బు సంగతి. కాగితాలు చదువుతుంటే రెండు చోట్ల ఆగిపోయా. అడ్వాన్సు తిరిగి ఇవ్వరట. డెలివరీ దాకా ధర మారొచ్చట. దీనికి పాత కథ ఉంది. సెస్నా కంపెనీ 2007లో స్కైక్యాచర్ అనే ఇలాంటి విమానాన్నే 1,09,500 డాలర్లని ప్రకటించింది. 2011లో అది 1,49,900 అయింది. ఆ తర్వాత కొన్నేళ్లకే తయారీ ఆపేశారు. అంత పెద్ద కంపెనీకే అలా జరిగింది. అందుకే నేను సంతకం పెట్టలేదు. ధర ఎంత దాటితే నేను తప్పుకోవచ్చో, తప్పుకుంటే అడ్వాన్సులో ఎంత తిరిగొస్తుందో, తూకం వేసిన ఖాళీ బరువు చెప్పినదానికంటే ఎక్కువొస్తే ఏం చేస్తారో రాసిమ్మన్నా. డీలరు మొహం కాస్త మారింది. వారం తర్వాత మూడూ రాసిచ్చాడు.

మీలో ఎవరైనా, లేదా మీ ఇంట్లో ఎవరైనా ఈ ముచ్చట పడుతుంటే, షోరూమ్‌కి వెళ్లేముందు తూకం మిషను ఎక్కండి. ఏటా తనిఖీ, ఇన్సూరెన్సు, హ్యాంగర్ అద్దె విడిగా రాసుకోండి. ఈ ఇంజిన్‌ని 2,000 గంటలకి ఒకసారి మొత్తం విప్పి బాగుచేయించాలి. ఎగిరిన ప్రతి గంటకీ దానికోసం కొంత పక్కన పెట్టాలి, చిట్టీ కట్టినట్టు.

అమ్మకి నిన్న చెప్పా, అడ్వాన్సు కట్టేశానని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఆ రెండో సీట్లో నేను పడతానా?" 110 పౌండ్లు ఉంటుంది మా అమ్మ. "దర్జాగా పడతావు, పచ్చడి సీసాలతో సహా" అన్నా.

హ్యాంగర్ వేట సంగతులు వచ్చే నెల.