మన పెద్దల టేపులు బాగు చేయడానికి ఏ సీఆర్వో కొనాలి?



ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు కొంతమంది తలా కొంత వేసుకుని పాత టేపు రికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగు చేసే బల్ల ఒకటి పెట్టుకోవాలనుకుంటున్నారు. చాలా మంచి ఆలోచన. కానీ ఆసిలోస్కోపు, అదే మనం ల్యాబులో సీఆర్వో అనేది, ఏది కొనాలన్న దగ్గర మాట రెండుగా చీలింది. చవక కిట్టు ఒకటి చాలని కొందరు, కొంటే 100 మెగాహెర్ట్జ్, నాలుగు ఛానెళ్లదే కొనాలని ఇంకొందరు. ఈ రెండూ మన పనికి సరిపడవని మా అభిప్రాయం. ఎందుకో చెప్తాం, ఓపిగ్గా చదవండి.

ముందు మన పని ఏంటి? మన ఇళ్లల్లో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఇంకా క్యాసెట్లు ఉన్నాయి. పెళ్లి పాటలు, పండగ పాటలు, వేల్పుల కథలు, తాతలు చెప్పిన వంశ చరిత్రలు. కోయ డోలి కళాకారులు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మనల్ని వదిలి వెళ్లిపోయారు. ఏ అవార్డూ రాకుండా, ఏ పుస్తకంలోనూ ఎక్కకుండా వెళ్లిపోయిన పెద్దలు ఎంతమందో. వాళ్ల గొంతు మిగిలితే ఆ టేపు మీదే మిగిలి ఉంటుంది. సరిగ్గా లేని డెక్కులో వేస్తే అది కాస్తా నలిగి తెగిపోతుంది. కాబట్టి ఇది సరదా కోసం చేసే రిపేరు కాదు.

మెగాహెర్ట్జ్ సంగతి చూద్దాం. మనిషి చెవికి వినిపించేది 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా. టేపు రికార్డరులో బయాస్ ఆసిలేటరు నడిచేది మామూలుగా 50 నుంచి 100 కిలోహెర్ట్జ్ దగ్గర. పాత రేడియోల్లో ఏఎం ఐఎఫ్ 455 కిలోహెర్ట్జ్, ఎఫ్ఎం ఐఎఫ్ 10.7 మెగాహెర్ట్జ్. అంటే 20 మెగాహెర్ట్జ్ స్కోపు ఉంటే ఇవన్నీ కనిపిస్తాయి. 100కి పెట్టే అదనపు డబ్బు మంచి ప్రోబులకు, సోల్డరింగ్ స్టేషనుకు పెడితే ఎక్కువ పని జరుగుతుంది.

మరి చవక కిట్టు? డీఎస్ఓ138 లాంటివి 200 కిలోహెర్ట్జ్ దాకా చూపిస్తాయి. సోల్డరింగ్ నేర్చుకోవడానికి బాగుంటాయి, కాదనం. కానీ వాటికి ఒకటే ఛానెల్. మనకు అసలు కావాల్సింది రెండు ఛానెళ్లు.

ఎందుకంటే స్టీరియో ఆంప్లిఫయరులో ఎడమ వైపు బాగుండి కుడి వైపు చెడితే, రెండు వైపులా ఒకే సిగ్నల్ ఇచ్చి ఒక్కో స్టేజీ పోల్చుకుంటూ పోవచ్చు. సర్క్యూట్ డయాగ్రం దొరకని పాత సెట్టులో కూడా తప్పు ఎక్కడుందో దొరుకుతుంది. ఇక క్యాసెట్ల దగ్గర ఇంకా ముఖ్యం. మన ఊళ్లల్లో రికార్డింగులు ఎక్కువగా మోనో టేపు రికార్డర్ల మీద చేసినవే. ఒక్కో రికార్డరు హెడ్డు ఒక్కో కోణంలో ఉంటుంది. ఆ టేపుని స్టీరియో డెక్కులో వేస్తే రెండు ఛానెళ్లకూ ఒకే పాట రావాలి. రెండింటినీ స్కోపుకి ఇచ్చి ఎక్స్-వై మోడ్ పెట్టండి. హెడ్డు కోణం కలవకపోతే గీత ఉబ్బి గుడ్డులా కనిపిస్తుంది. అజిమత్ స్క్రూ మెల్లగా తిప్పుతూ పోతే అది 45 డిగ్రీల సన్నని గీతగా మారుతుంది. అప్పుడు మాట స్పష్టంగా వినిపిస్తుంది. ఒక్క ఛానెల్ స్కోపుతో ఈ పని అవ్వదు.

అందుకే మా మాట ఇది: అందరూ కలిసి కొత్త రెండు ఛానెళ్ల ఎంట్రీ లెవెల్ డిజిటల్ స్కోపు ఒకటి తీసుకోండి. తెర మీద వచ్చిన వేవ్‌ఫామ్ సేవ్ చేసి వేరే ఊర్లో ఉన్న అన్నకి పంపి అడగొచ్చు. అంత డబ్బు కుదరకపోతే కోఠి గుజరాతీ గల్లీలోనో, ఇంకెక్కడో సెకండ్ హ్యాండ్ 20 మెగాహెర్ట్జ్ సీఆర్వో వెతకండి. కానీ అరగంట ఆన్ చేసి చూడకుండా డబ్బులివ్వొద్దు. గీత సన్నగా నిలబడుతోందా, రెండు ఛానెళ్లూ కాలిబ్రేషన్ స్క్వేర్ వేవ్ ఒకేలా చూపిస్తున్నాయా, నాబులు తిప్పితే గీత ఎగురుతోందా, ఎక్స్-వై పనిచేస్తోందా, ఈ నాలుగూ చూడండి.

"బెల్టు మార్చి హెడ్డు తుడిస్తే సగం సెట్లు పాడతాయి కదా, స్కోపు దేనికి?" అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది. ముందు ఆ పనులే చెయ్యండి, మల్టీమీటరుతో సప్లై చూడండి. ఆ తర్వాత కూడా "గుయ్" మని హమ్ వస్తుంటే స్కోపు కావాలి. సప్లై మీద 100 హెర్ట్జ్ రిపిల్ ఎక్కువుంటే ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయి ఉండొచ్చు. 50 హెర్ట్జ్ కనిపిస్తే ఎర్తు, షీల్డు వైరు, డయోడ్లు చూడాలి. ఊహించి పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బులూ పోతాయి, సెట్టూ పోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రాణం. స్కోపు ప్రోబు గ్రౌండ్ క్లిప్పు మామూలుగా కరెంటు ఎర్తుకి కలిసే ఉంటుంది. హాస్టల్ ప్లగ్గులో పట్టట్లేదని మూడో పిన్ను తీసేయొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ లేని పాత రేడియోల్లో చాసిస్‌కే కరెంటు వస్తుంది, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాటి జోలికి పోవద్దు. వాల్వు సెట్లలో 250 నుంచి 400 వోల్టుల డీసీ ఉంటుంది. ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లు డిశ్చార్జ్ చేసుకోవాలి. మైకు సెట్ల 100 వోల్టుల లైనులో పీక్ 141 వోల్టులు. అందుకే 10ఎక్స్ ప్రోబు వాడాలి, దాని మీద రాసిన వోల్టేజీ చదివాకే పెట్టాలి. బ్రిడ్జి ఆంప్లిఫయర్లలో స్పీకర్ మైనస్‌కి గ్రౌండ్ క్లిప్పు తగిలించొద్దు, ఆంప్లిఫయర్ కాలిపోతుంది. ల్యాప్‌టాప్‌కి పెట్టే యూఎస్‌బీ స్కోపులకీ ఇదే జాగ్రత్త, లేదంటే ల్యాప్‌టాప్ కూడా పోతుంది.

చివరిగా ఒక విన్నపం. ఐటీడీఏకో, కాలేజీకో అర్జీ పెట్టేటప్పుడు "సీఆర్వో ఇప్పించగలరు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. 20 మెగాహెర్ట్జ్‌కి తక్కువ కాకుండా, రెండు ఛానెళ్లు, ఎక్స్-వై మోడ్, రెండు 10ఎక్స్ ప్రోబులు, ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, సరైన ఎర్తింగ్ ఉన్న బల్ల అని వివరంగా రాయండి. ఏం కావాలో మనకే తెలియకపోతే వాళ్లు ఇచ్చింది మూలన పడి దుమ్ము పడుతుంది. ఈలోపు ఊరికి వెళ్లినప్పుడు అవ్వలను, తాతలను అడిగి క్యాసెట్లు ఎక్కడున్నాయో చూడండి. ఎండ, తడి తగలకుండా దాచి, పాడింది ఎవరో, ఏ పండగకో వాళ్లనే అడిగి కవరు మీద రాసి పెట్టండి. ఆ వివరం చెప్పగలిగేది వాళ్లు మాత్రమే.