మా బల్ల మీది హెలికాప్టరు

ఈ నెల మేము రాయబోయే సంగతి చదివి పెద్దలు కొందరు నవ్వుకోవచ్చు. పాస్టరుగారికి సంఘంలో పనేమీ లేదు కాబోలు అనుకోవచ్చు. వేసవి సెలవుల్లో మొదలుపెట్టి దసరా సెలవుల దాకా మేము మా భోజనాల బల్ల మీద ఒక హెలికాప్టరు కట్టాము. అన్ని నెలలూ మా ఇంట్లో అందరూ నేల మీద కూర్చునే భోంచేశారు.

హెలికాప్టరు మాది కాదు లెండి. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రపు ఒడ్డు పల్లె నుంచి మా సంఘానికి వచ్చే కుటుంబం ఒకటుంది. తండ్రికి కిడ్నీ జబ్బు. ఉద్దానం వారికి ఈ మాట చెబితే ఇంక వివరించనక్కర లేదు. వారానికి రెండుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుంటారు. ఒక్కోసారికి నాలుగు గంటలు పడుతుంది. బడి లేని రోజైతే పన్నెండేళ్ల కొడుకు, నాయనమ్మ కూడా వెంట వచ్చి, ఆ నాలుగు గంటలూ మా ఇంట్లో ఉంటారు. గల్ఫులో వెల్డింగు పని చేసే అన్న, ఎవరో ఊరికి వస్తుంటే తమ్ముడి కోసం ఒక పెట్టె పంపాడు. "మా ఇంట్లో బల్ల లేదండి, ఇక్కడ చేసుకోవచ్చా అయ్యగారూ?" అని అడిగాడు బాబు.

పెట్టెలో ఉన్నది ఎం.ఐ-17 నమూనా. వరదలప్పుడు మన వైమానిక దళం వాడే రష్యా హెలికాప్టరు రకం అది. అయితే పెట్టె తెరిస్తే హెలికాప్టరు ఎక్కడా కనిపించదు. ప్లాస్టిక్ చట్రాలకు వందలకొద్దీ ముక్కలు, కొమ్మకు చింతకాయల్లా అంటుకుని ఉంటాయి. పక్కన నెంబర్లుంటాయి. వాటిని తుంచకూడదు, కోయాలి. తుంచితే అంచు తెల్లబడి చిట్లుతుంది. మేము గోళ్లు కత్తిరించే కట్టరుతో మొదటి నాలుగూ పాడు చేశాక, నాయనమ్మ చూస్తూ ఊరుకోలేకపోయింది. ఆమె పలాసలో ఇరవై ఏళ్లు జీడిపప్పు పొట్టు తీసిన మనిషి. గుండు పప్పుకున్న ధర బద్దకు రాదు గనుక, పలుకు విరగకుండా పొట్టు తీయడం ఆ వేళ్లకు తెలుసు. అగ్గిపుల్ల తలకాయంత ముక్కల్ని కూడా చిన్న కత్తితో విడదీసి పళ్లెంలో వరసగా పెట్టేది.

ఈ నమూనా కొలత 1/35. అంటే అసలు దానిలో 35 సెంటీమీటర్లు ఉన్నది ఇక్కడ ఒక సెంటీమీటరు. అసలు హెలికాప్టరు పైరెక్కలు తిరిగే వెడల్పు 21 మీటర్ల పైచిలుకు, మా బల్ల మీద 60 సెంటీమీటర్లు. "మా నాన్న దీని పక్కన నిలబడితే ఎంతుంటాడండి?" అని అడిగాడు బాబు. ఐదున్నర అడుగుల మనిషికి లెక్క కట్టాము. ఐదు సెంటీమీటర్లు కూడా రాలేదు. ఒక అగ్గిపుల్ల తెచ్చి తలుపు దగ్గర నిలబెట్టి చాలాసేపు చూశాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వీడికి ఐదేళ్లు. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలికి కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి మీకు తెలిసినదే. ఆ రోజుల్లో ఆకాశంలో ఏ చప్పుడైనా పిల్లలంతా బయటికి పరుగెత్తేవారట. నాయనమ్మకు మాత్రం ఆ బండి అంటే నమ్మకం లేదు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర బాలయోగిగారు, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో రాజశేఖరరెడ్డిగారు దానిలోనే పోయారు గదా అంటుంది. "అంత పెద్ద రెక్కలుండగా తోకకి ఇంకో పంకా ఏటి బాబూ?" అని ఆమే అడిగింది.

మంచి ప్రశ్న. మా గదిలోని తిరిగే కుర్చీలో బాబును కూర్చోబెట్టి, కాళ్లు నేలకు తగలకుండా పైకి పెట్టి, రెండు చేతులూ చాచి ఒక్కసారి కుడికి విసరమన్నాము. కుర్చీ ఎడమకు తిరిగింది. హెలికాప్టరూ అంతే. పైన ఐదు రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే కింద ఒళ్లు రెండోవైపు తిరగబోతుంది. తోక చివరి మూడు రెక్కల పంకా పక్కకు తోసి దాన్ని నిలబెడుతుంది. పైలటు కాళ్ల దగ్గరి పెడళ్లతో ఆ చిన్న రెక్కల వాలు మార్చి ముక్కును తిప్పుకుంటాడు. పాతదైన ఎం.ఐ-8కి ఈ పంకా తోకకు కుడివైపు ఉండేది. ఎం.ఐ-17కి ఎడమవైపు ఉంటుంది. మన వైమానిక దళం ఎం.ఐ-8లకు 2017 డిసెంబరులో సెలవిచ్చింది.

ఇక మా తప్పు రాయాలి. ఈ నమూనాకు ముక్కు కింద చక్రాలు, నడుము వెనుక చెరోవైపు ఒక చక్రం. తోక పొడవు. శరీరం రెండు సగాల్నీ రబ్బరు బ్యాండ్లతో కట్టి, వేళ్ల మీద నిలబెట్టి చూసి, "ముక్కులో బరువు పెట్టాలేమోనండి" అన్నాడు బాబు. వచ్చే ఆదివారం యవనస్థులకు చూపిస్తామని మేము అప్పటికే గొప్పగా చెప్పి ఉన్నాము. "పుస్తకంలో లేదు గదా నాయనా" అని తేల్చేసి, వాడు లేనప్పుడు మేమే అతికించేశాము. ఈ జిగురు బంక లాంటిది కాదు. రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. ఆరాక విడదీయడం ఉండదు. చక్రాలు పెట్టి బల్ల మీద నిలబెడితే హెలికాప్టరు తోక మీద కూలబడింది.

బాబు ఏమీ అనలేదు. తర్వాత రెండు శనివారాలు మా ఇంటికి రాలేదు. ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నాడని నాయనమ్మ చెప్పింది. మూడో శనివారం మేమే వెళ్లాము. తండ్రి మంచం పక్కనే, "నీవు చెప్పినదే నిజం, మేము వినలేదు, మమ్మల్ని క్షమించు" అన్నాము. మైకు ముందు ఎన్నో మాటలు సులువుగా వస్తాయి గాని, పిల్లవాడి ముందు ఈ ఒక్క మాటకు మాకు గొంతు పట్టింది. తండ్రి నవ్వారు. "వలకు కట్టే సీసం గుళ్లు ఇంట్లో ఊరికే ఉన్నాయి అయ్యగారూ, పట్టుకొస్తాను" అన్నారు. ఆయన వేటకు వెళ్లక మూడేళ్లు.

ముక్కు కింద రూపాయి బిళ్లంత రంధ్రం కోసి, ఆ గుళ్లు కూరి, రెండు గొట్టాల జిగురు కలిపి పోసి, పైన ప్లాస్టిక్ ముక్కతో మూశాము. (సీసం ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.) అతుకు వికారంగా కనిపించింది. టెక్కలిలో గ్రానైట్ పాలిషు పని చేసే మా సంఘస్థుడొకరు నీటితో రుద్దే కాగితం 400, 800, 1500 నెంబర్లు తెచ్చి ఇచ్చారు. ముందు కాగితం గీతలు పూర్తిగా పోయాకే తర్వాతది పట్టాలనీ, మధ్యలో ఏదీ దాటేయకూడదనీ చెప్పారు. బాబు మూడు శనివారాలు అదే రుద్దాడు. ఇప్పుడు వేలితో తడిమినా అతుకు తెలియదు. రంగుల గురించి రాస్తే ఈ పేజీ చాలదు.

దసరా సెలవుల్లో ఇంటికి తీసుకువెళ్లారు. పైరెక్కలు ఊడదీయడానికి వీలుగా ఉంటాయి, పాత పేపర్లో చుట్టి నాయనమ్మ పట్టుకుంది. తండ్రికి ఎడమ చేతికి కట్టు ఉంది, ఆ చేతి మీద బరువు పడకూడదు. అందుకని అట్టపెట్టె బాబు ఒళ్లోనే పెట్టుకుని ఆటోలో కూర్చున్నాడు. చూస్తే తోక పంకా లేదు. "ఇదొక్కటి మరిచిపోయావు నాయనా" అన్నాము.

"మరిచిపోలేదండి. ఇది మా నాన్న అతికిస్తాడు" అని జేబులోంచి చిన్న పొట్లం తీసి చూపించాడు.

"ఏ వైపురా?" అని అడిగారు తండ్రి.

"ఎడం పక్క" అంది నాయనమ్మ.